వెచ్చగానే ఉందిరా

ఫిబ్రవరి 6

అక్కను చికిత్సకు చేర్చుకున్నారు.

ఉదయం డాక్టరమ్మ నన్ను తన గదికి పిలిపించి, కుర్చీ చూపించి, నేను కూర్చున్న తరువాతనే ఆ సంగతి చెప్పింది. అక్క క్యాన్సరు గడ్డనుంచి తీసిన ముక్కలో మాకు కావలసిన గుర్తు ఉన్నది. మేము రక్తంలోకి ఎక్కించే, కంటికి కనబడని బంగారు కడ్డీలకు పైపూతగా వేసిన ప్రోటీను ఆ గుర్తును వెతుక్కుంటూ పోయి గడ్డకు అతుక్కుంటుంది; తరువాత లేజరుతో కడ్డీలను వేడెక్కించి గడ్డను చంపుతాం. గుర్తు లేనివారి ఒంట్లో అవి ఊరూ పేరూ రాయని ఉత్తరంలా తిరిగి తిరిగి చివరకు కాలేయంలో పడి ఉంటాయి. గుర్తు ఉన్నదా అని రెండుసార్లు అడిగాను. ఆమె విసుక్కోకుండా రెండుసార్లూ ఉన్నదనే చెప్పింది.

ఇది కాక ఇంకేమీ మిగలలేదు. ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, మందులూ అయ్యాయి. ఎడమ దవడ కింద అది మళ్ళీ లేచి ఈసారి మెడలోని పెద్ద రక్తనాళాన్ని చుట్టుకొన్నది. కత్తి పెట్టే వీలు లేదు. ఇది కూడా పనిచేయకపోతే ఏమిటన్నది నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

లేవబోతుంటే మరొక మాట అన్నది. "అయితే ఒకటి. చికిత్స రోజు లేజరు దగ్గర మీరు ఉండకూడదు. సొంత మనిషి కదా. మీ మంచికే చెబుతున్నాను."

ఆలోచించి చెబుతానన్నాను. ఆమె అడగలేదనీ, చెప్పిందనీ మెట్లు దిగిన తరువాత తోచింది.

ఫిబ్రవరి 7

లేజరు దగ్గర నేనే ఉండవలసిన కారణాలు:

1. ఆ యంత్రాన్ని పెట్టెలోంచి తీసి నిలబెట్టినవాణ్ణి నేను. దాని అలకలు మరొకరికి తెలియవు.
2. రెండో ఆపరేటరు మంచివాడే కాని తొందరమనిషి. తెరమీద వేడి అంకె ఊరించిందంటే అతని చెయ్యి ఆగదు.
3. అక్క కదలకుండా పడుకోవాలంటే, ఆ గదిలో ఆమె మనసారా తిట్టగల మనిషి ఒకడు ఉండాలి.
4. నాకు ఎవరూ చదువు చెప్పలేదు. పాత ప్రొజెక్టర్లు బాగుచేస్తూ కటకాలు, కటకాలు తుడుస్తూ లేజర్లు నేర్చుకున్నాను. డిగ్రీ ఉన్నవాడు ఊహించి చేయవచ్చు. నేను కొలవకుండా ఏ పనీ చేయను.
5. (కొట్టివేశాను.)

ఫిబ్రవరి 9

సాయంత్రం అక్క ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాను. మెడ తిప్పలేక ఇప్పుడు కూర్చునే ఇస్త్రీ చేస్తున్నది. బావ పెయింటింగ్ పని ముగించుకొని వచ్చి, చేతుల రంగు కిరసనాయిలుతో తుడుచుకుంటున్నాడు. ఇద్దరికీ వివరంగా చెప్పాను.

"అంటే నన్ను ఇస్త్రీ చేస్తావన్నమాట," అన్నది అక్క.

"ఇస్త్రీ పైనుంచి కాలుస్తుంది. ఇది లోపలినుంచి."

"మరి బట్ట మాడదా?"

"మాడదు. వెలుతురు మామూలు కండలోంచి దాటిపోతుంది. బంగారం ఉన్నచోట మాత్రమే వేడిగా మారుతుంది. ఆ వెలుతురు నీ కంటికి కనబడదు కూడా."

"కనబడని బంగారం, కనబడని వెలుతురు. ఒరేయ్ కొలతలయ్యా, ఇది బయట చెప్పకు. గారడీవాడు అనుకుంటారు."

బావ తల ఎత్తాడు. "ఎంత బంగారం ఎక్కిస్తారేంటి?"

"ఉంగరం అరిగితే రాలే పొడి అంత కూడా ఉండదు బావా."

"చూశారా," అని అక్క ఆయనవైపు ఇస్త్రీపెట్టె చూపించింది. "ముప్పయ్యేళ్ళ కాపురంలో మీరు నా ఒంటిమీద పెట్టలేదు. మా తమ్ముడు ఏకంగా ఒంట్లోకే ఎక్కిస్తున్నాడు."

"దొంగలు కూడా ఎత్తుకుపోలేరు," అన్నాడు బావ. "రంగు పసుపేనా?"

"కాదు బావా. అంత చిన్నదిగా చేస్తే బంగారానికి తన రంగు ఉండదు. గుండ్రని పూసలుగా ఉంటే ఎరుపు. మేము చేసేవి సన్నని కడ్డీలు, వాటిది ముదురు గోధుమ. ఆకారం మారితే రంగు మారుతుంది. రంగు మారితే ఏ వెలుతురును తాగుతుందో అదీ మారుతుంది. మా లేజరు వెలుతురును కడ్డీ తాగుతుంది. పూస తాగదు."

బావ చాలాసేపు ఆలోచించి, తమ పనిలో రంగు డబ్బా ఆకారాన్ని బట్టి మారదనీ, అదే మేలనీ అన్నాడు.

బావ గిన్నెలు కడగడానికి లోపలికి వెళ్ళినప్పుడు అక్క గొంతు తగ్గించింది. "నిజం చెప్పరా. తగ్గుతుందా?"

"లెక్క ప్రకారం తగ్గాలి."

"లెక్క సంగతి కాదు. నువ్వే చేస్తావా, ఇంకెవరైనానా?"

"నేనే."

"అయితే సరే," అని చొక్కా కాలరు తిరగేసింది.

ఫిబ్రవరి 13

డాక్టరమ్మ ఒప్పుకున్నది. "మీరే ఉండండి. నేను పక్కనే నిలబడతాను," అన్నది. నా నాలుగు కారణాలలో మూడవదానికి నవ్వింది.

ఫిబ్రవరి 16

అక్క కోసం చేసిన కడ్డీల సీసా వచ్చింది. రంగు కొలిచాను. పాతవాటికంటె కాస్త సన్నగా వచ్చాయి. తేడా స్వల్పమే. నియమం ప్రకారం ప్రతి కొత్త సీసాకూ ఎరుపు పరీక్ష చేయాలి. ఒక చుక్కమీద లేజరు బలం పెంచుకుంటూ పోయి, గోధుమరంగు ఎక్కడ ఎరుపెక్కుతుందో చూసి, దానికి బాగా దిగువన హద్దు పెట్టుకోవాలి. అంతకు మించితే కడ్డీలు కరిగి పూసలైపోతాయి. ఈ స్వల్పమైన తేడాకు పాత హద్దే సరిపోతుంది. పరీక్ష వచ్చే వారం తీరికగా చేయవచ్చు.

ముందు మెడదిండు పూర్తి కావాలి. బల్లమీద ఇప్పుడున్నది అక్క కుట్టు గాటుకు సరిగ్గా ఒరుసుకుంటుంది.

ఫిబ్రవరి 18

దిండు మూడోసారి కోస్తే కుదిరింది. నా మెడమీద పెట్టి చూసుకున్నాను. చాలా హాయిగా ఉన్నది.

ఫిబ్రవరి 20

బంగారం ఎక్కించారు. సెలైన్ గొట్టంలో టీనీళ్ళు పారినట్టు కనబడింది. అక్క నర్సును "నాకు తాళం వేసి పెట్టండమ్మా, ఇప్పుడు నేను ఖరీదైనదాన్ని," అన్నది. నర్సు నవ్వడంతో సూది పక్కకు జరిగింది. మళ్ళీ గుచ్చవలసి వచ్చింది.

ఈ చికిత్సలో బంగారం ఒక్కసారే. మిగిలినదాన్ని కాలేయం నెలల తరబడి పట్టుకుంటుంది కనుక మరొకసారి ఎక్కించనివ్వరు. ఆ ఒక్కదానితోనే మూడు విడతలు వెలుతురు పెట్టాలి. మొదటి విడత గడ్డ పైభాగానికి, రెండవది నడుమకు, మూడవది రక్తనాళాన్ని అంటుకొని ఉన్న అడుగుకు. ఆ అడుగుదే అసలు ప్రమాదం.

ఫిబ్రవరి 22

ఈ రోజు సంగతి పూర్తిగా రాస్తాను.

అక్క బల్ల ఎక్కి, కొత్త దిండుమీద తల ఆనించి, "ఇది బాగుందిరా. ఇంటికి పట్టుకుపోనిస్తారా?" అన్నది. నర్సు ఆమె కళ్ళకు నల్లని అద్దాలు పెట్టింది. డాక్టరమ్మ చర్మం మొద్దుబారడానికి సూది ఇచ్చి, వెంట్రుకంత గాజుతీగను గడ్డలోకి దింపింది. వెలుతురు ఆ తీగలోంచే పోతుంది. చర్మం మొద్దుబారినా లోపలి వేడి మనిషికి తెలుస్తుంది. తెలియాలి కూడా, పక్క కండ కాలితే చెప్పవలసింది ఆమే కనుక.

యంత్రం చల్లదనానికి ఉన్న ఫ్యాను మోగింది. వెలుతురుకు అడ్డంగా ఉండే షట్టరు తెరిచాను. గదిలో ఏమీ మారలేదు. వేడిని చూసే కెమెరా తెరమీద మాత్రం అక్క మెడ నీలంగా పరుచుకొని, దాని నడుమ ఆకుపచ్చ మచ్చ ఒకటి మొలిచింది. ముప్పయ్యారు డిగ్రీలు. ముప్పయ్యెనిమిది. నలభై. నలభై ఒకటి దగ్గర మొండికేసి నిలిచిపోయింది. గడ్డ చావాలంటే నలభై నాలుగైనా కావాలి.

డాక్టరమ్మ తెరమీదనుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "ఇంకా పెంచవచ్చా?"

"పెంచవచ్చు మేడమ్. హద్దుకు ఇంకా చోటున్నది."

పెంచాను. నలభై మూడు. హద్దుదాకా పెంచాను. మచ్చ పసుపై, ఎరుపై, నడుమ తెల్లగా వెలిగింది. నలభై ఆరు.

"ఒరేయ్! కాలుతోందిరా చచ్చినోడా! ఆపరా!"

"ఇంకొంచెం సేపు అక్కా. కదలకు."

"నీ కొంచెం పాడుగాను! చిన్నప్పుడు నీళ్ళు పోస్తుంటే నేను కొంచెమంటే ఊరుకున్నావా? వీధంతా వినబడేలా ఏడ్చేవాడివి కదరా!"

నర్సు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది. డాక్టరమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు, తెర చూస్తున్నాను. నేను ఇంతవరకు చూసిన అంకెలలో నలభై ఆరు అంత అందమైనది లేదు.

చివరిలో అంకె తనంతట తాను రెండు దిగింది. నేనేమీ తగ్గించలేదు. అక్క కదిలి ఉంటుంది.

మార్చి 1

గడ్డ పైభాగం నల్లబడి, ఎండి, కుంచించుకుపోయింది. డాక్టరమ్మ స్కానింగు చిత్రాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకొని, "ఇంత బాగా వస్తుందనుకోలేదు," అన్నది. ఆ మాట ఆమె నోట నేను ఇంతకుముందు వినలేదు.

అక్క ఎడమవైపుకు తల తిప్పగలుగుతున్నది. ఎడమవైపున ఉన్నది నేనే కనుక, "అబ్బ, నీకు ఇంత నెరిసిందేంట్రా," అన్నది.

బావ రోడ్డుమీద నా భుజంమీద చేయి వేసి నడిచాడు. ఆయన అలా నడిచే మనిషి కాదు.

మార్చి 4

ఎరుపు పరీక్ష ఇంకా చేయలేదు. అవసరం కనబడలేదు.

మార్చి 8

రెండవ విడత.

అంకె లేవలేదు. ముప్పయ్యారు, ముప్పయ్యారు, ముప్పయ్యేడు, మళ్ళీ ముప్పయ్యారు. తెరంతా నీలం. బలం పెంచాను. మచ్చ లేదు.

"తీగ విరిగిందేమో చూడండి," అన్నది డాక్టరమ్మ. విరగలేదు. తీగ చివర బలం కొలిచాను, రావలసినంత వస్తున్నది.

"అక్కా, ఎలా ఉంది?"

"బాగుందిరా."

"వేడి తెలుస్తున్నదా?"

"తెలుస్తోంది. వెచ్చగానే ఉందిరా. మొన్నటికంటే హాయిగా ఉంది."

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను కెమెరావైపు చూశాను.

మార్చి 9

తప్పు ఉండగల చోట్లు, ఒక్కొక్కటిగా:

గాజుతీగ సరిగ్గానే ఉన్నది. కటకం తీసి తుడిచి పెట్టాను, మార్పు లేదు. కెమెరా ముందు వేడినీళ్ళ గ్లాసు, దాని పక్కన థర్మామీటరు పెట్టి చూశాను. రెండూ ఒకే మాట చెప్పాయి.

అయినా కెమెరా చూసేది చర్మాన్నే. ఈసారి తీగ ఇంకా లోతుకు దింపారు. లోతున పుట్టిన వేడి పైకి రాకపోవచ్చు. అక్క లోపలినుంచి చెబుతున్నది. మనిషిని మించిన కొలత సాధనం ఏమున్నది? అందులోనూ ఆమె. ఇస్త్రీపెట్టె దగ్గర చెయ్యి అడ్డంపెట్టి ఇది నూలుకు, ఇది పట్టుకు అని చెప్పే మనిషి. వెచ్చగా ఉన్నదన్నదంటే వెచ్చగా ఉన్నట్టే.

డాక్టరమ్మకు ఇదే చెప్పాను. ఆమె చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ, "సరే, మూడవది కొత్త కెమెరాతో చూద్దాం," అన్నది.

మార్చి 11

ఈసారి ఆమె తిట్టలేదు. అది మంచి లక్షణమే. మొదటిసారి పైపైన కనుక కాలింది.

మార్చి 12

ఈసారి ఆమె ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

మార్చి 15

మూడవ విడత. కొత్త కెమెరా.

అక్క పడుకొన్నది. నల్లని అద్దాలు పెట్టారు. తీగ దింపారు. ఫ్యాను వేశాను. షట్టరుమీద చెయ్యి పెట్టి, తెరిచేముందు అలవాటుగా ఒకసారి అడిగాను. "సిద్ధమేనా అక్కా?"

"ఆఁ. తగులుతోంది," అన్నది. "వెచ్చగానే ఉందిరా."

షట్టరు మూసి ఉన్నది.

డాక్టరమ్మ చూసింది. నర్సు చూసింది. బల్లమీద ఆమె ఒక్కతే చూడలేదు. గది మధ్యలో ఫ్యాను చప్పుడు.

"హాయిగా ఉంది," అన్నది మళ్ళీ. మేము మాట్లాడకపోయేసరికి, మాకు సాయం చేస్తున్నట్టుగా.

నేను షట్టరు తెరిచాను. తెరిచి, పట్టవలసినంత సేపూ తెరిచే ఉంచాను. తెర నీలంగానే ఉన్నది. మధ్యలో ఒకసారి అడిగాను కూడా, "ఇప్పుడెలా ఉంది?" అని. "అలాగే ఉందిరా," అన్నది. ఆ ఒక్కటీ నిజం.

మార్చి 16

ఎరుపు పరీక్ష చేశాను.

అక్క సీసాలో అడుగున మిగిలిన దానిలోనుంచి ఒక చుక్క తీసి, మొదటి విడతలో పెట్టిన బలమే పెట్టాను. కాస్సేపు ముదురు గోధుమగానే ఉన్నది. తరువాత అంచునుంచి మొదలై చుక్కంతా ఎరుపెక్కింది. దానిమ్మగింజ రంగు. చాలా శుభ్రమైన రంగు.

మా లేజరు వెలుతురును ధారగా పోయదు, సుత్తిదెబ్బల్లా కొడుతుంది. కెమెరా చూపేది అన్ని దెబ్బలూ కలిసిన సగటు వేడిని. ఒక్కొక్క దెబ్బకు కడ్డీలో పుట్టే వేడి దానికి కనబడదు. నలభై ఆరు అని అది నాకు చూపిస్తుండగానే లోపల కడ్డీలు ఒక్కొక్కటే కరిగి పూసలవుతున్నాయి. చివరిలో అంకె దిగింది అక్క కదిలినందుకు కాదు. పెంచిన వెలుతురు నడుమకూ అడుగుకూ కూడా పారి, అక్కడి కడ్డీలనూ కరిగించింది. పైభాగం చచ్చింది. నడుమా అడుగూ అలాగే ఉన్నాయి. బంగారం అక్కడే ఉన్నది. సరైన చోటనే, గడ్డను గట్టిగా పట్టుకొనే ఉన్నది. మా వెలుతురు దానికిక పట్టదు.

కొంచెం తగ్గించి, నలభై నాలుగు దగ్గర ఓపికగా నిలబెట్టి ఉంటే మూడు విడతలూ జరిగేవి.

చుక్కను డాక్టరమ్మ దగ్గరకు పట్టుకెళ్ళి బల్లమీద పెట్టాను. ఆమెకు విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది.

"పెంచమని అడిగింది నేను," అన్నది.

"చోటున్నదని చెప్పింది నేను మేడమ్."

"కొత్త సీసాకు పరీక్ష చేశారా అని నేను అడగాలి. అడగలేదు." కళ్ళజోడు తీసింది. "మిమ్మల్ని ఆ గదిలోకి రానివ్వకుండా ఉండాల్సింది. అది మీ మంచికే అన్నాను ఆ రోజు. ఆమె మంచికి కూడా."

చికిత్స మొత్తం ఆపివేసింది, కొత్త హద్దు తేలేవరకు ఎవరికీ వెలుతురు పెట్టరాదని. తరువాత అన్నది: "మీ అక్కగారికి తెలియాలి. నన్ను చెప్పమంటారా, మీరు చెబుతారా?"

"నేను చెబుతాను."

మార్చి 17

వెళ్ళాను. బావ ఉన్నాడు. చెప్పలేదు.

మార్చి 18

వెళ్ళాను. అక్క నిద్రపోతున్నది. నిజంగానే నిద్రపోతున్నది.

మార్చి 19

బావ మందులకు బయలుదేరగానే కూర్చున్నాను. కిటికీ పక్కన మంచం, ఆమె దిండుకు ఆనుకొని ఉన్నది. ఏ మాటలలో చెప్పాలో వరుసగా అనుకొనే వచ్చాను.

"అక్కా, నీకొకటి చెప్పాలి."

"వద్దు."

"ఏమిటో వినకుండా వద్దంటావేం?"

"నీ మొహం నాకు తెలీదట్రా? పక్కింటి కిటికీ పగలగొట్టొచ్చిన రోజు కూడా ఇదే మొహం. వద్దు."

"డాక్టరమ్మ చెప్పమన్నది. నీకు తెలియాలి. అది నీ హక్కు."

"హక్కు నాదేనా?"

"నీదే."

"అయితే నాకొద్దు. తీసుకెళ్ళి ఆవిడకే ఇచ్చెయ్యి." కాసేపు ఊపిరి తీసుకున్నది. "విను. నువ్వు చెప్పావనుకో, నాకు ముందు కోపం రావాలి. తర్వాత అది తగ్గాలి. నువ్వు ఏడవాలి, నేను ఓదార్చాలి, పోనీలేరా అనాలి. అది ఎంత పనో నీకు తెలుసా? నాకు నీళ్ళు మింగడానికే ఓపిక చాలట్లేదు. చెప్పకపోతే ఆ పనంతా తప్పుతుంది కదా."

నేను అనుకొన్న వరుసలో ఇది లేదు. అనకూడనిదే అన్నాను.

"ఆ రోజు షట్టరు తెరవలేదక్కా. నువ్వు వెచ్చగా ఉందన్నప్పుడు."

ఆమె నావైపు చూసి, నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే మెడ నొప్పి, అందుకని ముక్కుతోనే నవ్వింది. "ఫ్యాను మోగింది కదరా. తెరిచావనుకున్నాను. పట్టుబడ్డానన్నమాట."

"ఎందుకలా అన్నావు?"

"నువ్వడిగిన తీరు అలా ఉంది మరి."

"ఎలా?"

"అన్నం పెట్టమన్నట్టు అడిగావు. గిన్నె ఖాళీ అని నీతో ఎలా చెప్పేది?"

కింద ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. బావ కాదు.

"మీ బావకి మాత్రం చెప్పకు," అన్నది. "ఎప్పుడూ చెప్పకు. నేను పోయాక ఆయనకి మిగిలేది నువ్వొక్కడివే. నీకూ ఆయనొక్కడే. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేలా ఉండండి. మాటిస్తావా?"

"అక్కా, అది..."

"మాటివ్వరా."

ఇచ్చాను.

బావ వచ్చి, ఏమిటి విశేషమని అడిగితే, "ఏముంది, వీడు ఏదో లిస్టు చదువుతుంటే నాకు నిద్రొస్తోంది," అన్నది.

మార్చి 20

డాక్టరమ్మ కారిడారులో ఆపింది. "చెప్పారా?"

"ఆమెకు తెలుసు," అన్నాను.

అబద్ధం కాదు.

మార్చి 31

పాలు మాత్రమే. అవీ చెంచాతో.

ఏప్రిల్ 5

కొత్త హద్దు తేలింది. దాన్ని తేల్చిన పరీక్షలు నేనే చేశాను. నాలుక కింద గడ్డ ఉన్న ఒక డ్రైవరుకు ఈ రోజు వెలుతురు పెట్టారు. రెండో ఆపరేటరు లేజరు దగ్గర, నేను వెనుక గోడ దగ్గర. అంకె నలభై నాలుగు చేరడానికి చాలాసేపు పట్టింది. అతను తొందరపడలేదు. చేరిన తరువాత అక్కడే నిలిచింది, దిగలేదు.

అక్కడినుంచి నేరుగా అక్క దగ్గరకు వెళ్ళాను. మాట సరిగ్గా రావడం లేదు, చెవి దగ్గర పెట్టి వినాలి.

"ఇవాళ ఎవరికైనా తగిలిందా వేడి?"

"తగిలింది."

"తిట్టాడా?"

"నోట్లో తీగ ఉందక్కా. కాళ్ళతో బల్లను తన్నాడు."

"మంచిది," అన్నది.

ఏప్రిల్ 12

డ్రైవరుకు రెండవ విడత. నలభై నాలుగు.

ఏప్రిల్ 19

డ్రైవరుకు మూడవది. నలభై నాలుగు. నడుమా, అడుగూ నల్లబడ్డాయి. ఇవీ అవే కడ్డీలు, అదే లేజరు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అతనికి ఇద్దరు కూతుళ్ళున్నారు, వాళ్ళు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి సంతోషం కలిగింది. నిజంగానే కలిగింది. ఆ సంతోషం ఎంతసేపు ఉన్నదో కొలవలేదు.

ఏప్రిల్ 21

అక్క పోయింది.

రక్తనాళం దగ్గరే పగిలింది. అడుగుదే అసలు ప్రమాదమని నేను రాసే ఉన్నాను. మధ్యాహ్నం, బావ ఒళ్ళో. నేను చెంచాలో పాలు పట్టుకొని ఉన్నాను. చెంచా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎవరో తీసుకున్నారు.

ఏప్రిల్ 22

ఏప్రిల్ 24

బావ ఇస్త్రీ దుకాణం తెరిచి, అందరి బట్టలూ వాళ్ళ వాళ్ళకు ఇచ్చి వచ్చాడు. సగం ఇస్త్రీ కానివే. ఎవరూ ఏమీ అనలేదట.

మే 3

ఇంటినిండా మనుషులు. పాత వీధివాళ్ళు, దుకాణానికి బట్టలు వేసేవాళ్ళు, బావతో పనిచేసే పెయింటర్లు, ఆస్పత్రినుంచి నర్సు. డాక్టరమ్మ కూడా వచ్చి, గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు బావకు నమస్కరించింది, నావైపు చూడలేదు. చూడనందుకు నాకు కృతజ్ఞతగా ఉన్నది.

నేను వంటింటి గుమ్మంలో గ్లాసులు అందిస్తున్నాను. ఎవరో పెద్దాయన బావను అడిగాడు, "ఆఖర్లో ఏదో కొత్తరకం వైద్యం చేయించారట కదా?" అని.

బావ లేచి నిలబడ్డాడు. పదిమందిలో నోరు విప్పని మనిషి. నేరుగా నా దగ్గరకు వచ్చి, నా చేతుల్లోని గ్లాసులు పక్కన పెట్టించి, రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన గోళ్ళ సందుల్లో నీలం రంగు ఉన్నది.

"చేయించడం కాదండీ, వీడే చేశాడు," అన్నాడు అందరికీ వినబడేలా. "మా బావమరిది. సొంతంగా నేర్చుకున్న విద్య. మొదటిసారి పెట్టినప్పుడు ఎంత తగ్గిందనుకున్నారు? మెడ తిప్పి చూసింది. మార్చి మొదట రెండు వారాలు మళ్ళీ దుకాణంలో కూర్చుంది. వీడు లేకపోతే నాకు ఆ రెండు వారాలు కూడా దక్కేవి కావు." నా చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నీ రుణం నేను తీర్చుకోలేనురా."

గదిలో అందరూ నావైపు తిరిగారు. నర్సు తప్ప అందరూ. ఒక ముసలామె చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "తమ్ముడంటే అలా ఉండాలి," అన్నది.

నేను చేతులు విడిపించుకోలేదు. తల వంచుకొన్నాను. దుఃఖమనుకొన్నారు. అదీ ఉన్నది.